ఒకే ఇనుము మీద అయిదు యంత్రాలు

విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే మధ్యతరహా సంస్థ ఒకటి ఉందనుకుందాం. చుట్టుపక్కల ఊళ్ల మెడికల్ షాపుల నుంచి పొద్దున్నే ఆర్డర్లు మొదలవుతాయి. వాటికి బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్, దాని డేటాబేస్ ఒకచోట ఉంటాయి. పన్నుల లెక్కలకు ట్యాలీ ఉంటుంది. ఎవరు ఏ కంప్యూటర్‌లోకి లాగిన్ కావచ్చో చూసుకునే డొమైన్ కంట్రోలర్, అందరి ఫైళ్లూ దాచే సర్వర్, గోడౌన్‌లో సీసీ కెమెరాల రికార్డింగ్ కూడా ఉంటాయి. 2000 ప్రాంతంలో అయితే ఈ అయిదు పనులకు అయిదు పెట్టెలు కొనేవారు.

అన్నీ ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ మీద వేస్తే వాటికి పొసగదు. బిల్లింగ్‌కు డేటాబేస్ పాత వెర్షన్ కావాలి, ఇంకోదానికి కొత్తది కావాలి. ఒకదానికి ప్యాచ్ వేసి రీస్టార్ట్ చేస్తే మిగతా నాలుగూ ఆగుతాయి. ఒకటి మెమరీ అంతా తినేస్తే పక్కదాని పని కుంటుపడుతుంది. తేడా వచ్చినప్పుడు బిల్లింగ్ వాళ్లు ట్యాలీని అంటారు, ట్యాలీ వాళ్లు బిల్లింగ్‌ను అంటారు. అందుకని ఎవరి పెట్టె వాళ్లకి. దాంతో ఒక్కో ప్రాసెసర్ రోజులో ఎక్కువసేపు ఊరికే ఉండేది. ఊరికే ఉన్నా కరెంటు కాల్చేది, వేడి పుట్టించేది. ఆ వేడిని తోడడానికి ఏసీ ఇరవైనాలుగు గంటలూ తిరిగేది.

ఇవాళ అదే సంస్థ ఒక గట్టి సర్వర్ కొంటుంది, వీలైతే దానికి తోడుగా మరొకటి. ఆ ఒక్క పెట్టెలోనే అయిదు వర్చువల్ మెషీన్లు నడుస్తాయి. ఒక్కోదానికి సొంత ఆపరేటింగ్ సిస్టమ్, సొంత డిస్కు, సొంత నెట్‌వర్క్ కార్డు, సొంత ఐపీ అడ్రసు. పక్కన మరో నాలుగు ఉన్నాయని వాటిలో దేనికీ తెలియదు. పెట్టె అంతా తనదేనని ప్రతిదీ నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని కల్పించి కాపాడే సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్. కంప్యూటర్ శాస్త్రంలో నాకు ఎంతో అందంగా కనిపించే నిర్మాణాల్లో ఇదొకటి. లోపలి యంత్రాలు ఈ భ్రమను పూర్తిగా నమ్మాలి. నడిపే మనిషి మాత్రం ఒక్క క్షణం కూడా నమ్మకూడదు. సర్వర్ గదుల్లో జరిగే పెద్ద నష్టాలు చాలావరకు ఈ రెండో సంగతి మరిచిపోయిన చోటే జరుగుతాయి.

అసలు అధికారం ఎవరిది

ప్రాసెసర్ అందరి మాటా ఒకేలా వినదు. మామూలు ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు దానికి తక్కువ అధికారం ఇస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నెల్ నడుస్తున్నప్పుడు పూర్తి అధికారం ఇస్తుంది. డిస్కుతో మాట్లాడటం, మెమరీ పట్టికలు మార్చడం, పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలైన ఇంటరప్టులను ఆపడం లాంటి ఆదేశాలు పూర్తి అధికారం ఉంటేనే చెల్లుతాయి. మామూలు ప్రోగ్రాం అలాంటి ఆదేశం ఇవ్వబోతే ప్రాసెసర్ అక్కడే ఆపి, విషయాన్ని కెర్నెల్‌కు అప్పగిస్తుంది. దీన్నే ట్రాప్ అంటారు.

మరి ఒకే ప్రాసెసర్ మీద అయిదు కెర్నెళ్లుంటే? అయిదింటికీ పూర్తి అధికారం ఇవ్వలేం. ఈ ప్రశ్నకు జవాబు 1960ల్లోనే దొరికింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో ఐబీఎంకు ఒక సైంటిఫిక్ సెంటర్ ఉండేది. 1964 చివర్లో అక్కడ రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో సీపీ-40 అనే ప్రయోగం మొదలుపెట్టారు. అప్పట్లో కంప్యూటర్ గదంత ఉండేది, దాన్ని ఎంతోమంది పంచుకోవాలి. అందరికీ కలిపి ఒక పెద్ద చిక్కుముడి లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ రాయడమే అప్పటి ఆనవాయితీ. వీళ్లు అలా వెళ్లలేదు. వాడే ప్రతి మనిషికీ ఒక పూర్తి యంత్రం ఇచ్చినట్టు చూపించి, దాని మీద ఒక్కరి కోసమే రాసిన చిన్న సిస్టమ్‌ను నడిపారు. 1967 జనవరికల్లా అది రోజువారీ వాడకంలోకి వచ్చింది. ఒక్క సిస్టమ్/360 మోడల్ 40 మీద ఒకేసారి 14 వర్చువల్ మెషీన్లు, ఒక్కోదానికి 256 కిలోబైట్ల మెమరీ. ఆ వంశంలోంచే 1972 ఆగస్టు 2న ఐబీఎం ప్రకటించిన వీఎం/370 వచ్చింది. దాని వారసుడు ఐబీఎం మెయిన్‌ఫ్రేముల మీద ఇప్పటికీ నడుస్తున్నాడు.

కిటుకంతా ట్రాప్‌లోనే ఉంది. లోపలి కెర్నెల్‌ను తక్కువ అధికారంలో నడపాలి. అది డిస్కును తాకబోగానే ట్రాప్ పడుతుంది. హైపర్‌వైజర్ లేచి ఆ పనిని తన పద్ధతిలో చేసిపెట్టి, ఫలితాన్ని తిరిగి అందిస్తుంది. తానే చేశానని కెర్నెల్ అనుకుంటుంది. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఈ అనుభవానికి గణిత రూపం ఇచ్చారు. లోపలి ప్రోగ్రాంకు అసలు యంత్రం మీద ఉన్నట్టే ఉండాలి. వనరుల మీద పట్టు పూర్తిగా హైపర్‌వైజర్ చేతిలో ఉండాలి. ఆదేశాల్లో అత్యధిక భాగం మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా ప్రాసెసర్ మీదే నడవాలి. ఇవి సాధ్యం కావడానికి ప్రాసెసర్ వైపు నుంచి ఒక నియమం చాలని వాళ్లు నిరూపించారు. యంత్రం స్థితిని మార్చే ఆదేశమైనా, దాన్ని బయటపెట్టే ఆదేశమైనా, తక్కువ అధికారంలో ఇస్తే తప్పక ట్రాప్ కావాలి.

ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్లు ఈ నియమం తప్పాయి. ఎలా తప్పాయో చూడటానికి పాప్‌ఎఫ్ అనే ఒక్క ఆదేశాన్ని దగ్గరగా చూస్తే చాలు. స్టాక్ మీద దాచిన విలువను తీసి ప్రాసెసర్ ఫ్లాగుల్లోకి ఎక్కించడం దాని పని. ఆ ఫ్లాగుల్లో ఒక బిట్టు ఇంటరప్టులది. దాన్ని సున్నా చేస్తే, ‘కీలకమైన పనిలో ఉన్నాను, ఎవరూ కదిలించొద్దు’ అని కెర్నెల్ చెప్పినట్టు. పూర్తి అధికారంలో ఉంటే పాప్‌ఎఫ్ ఆ బిట్టును మారుస్తుంది. తక్కువ అధికారంలో మార్చదు, అంతవరకు న్యాయమే. కానీ ట్రాప్ కూడా కాదు. చడీచప్పుడు లేకుండా ఆ బిట్టును వదిలేసి తర్వాతి ఆదేశానికి వెళ్లిపోతుంది. ఇంటరప్టులు ఆగాయని లోపలి కెర్నెల్ అనుకుంటుంది. అది అడిగిన సంగతే హైపర్‌వైజర్‌కు తెలియదు. ఇక ఆ కెర్నెల్ ఎప్పుడు కుప్పకూలుతుందో చెప్పలేం. పెంటియం ప్రాసెసర్‌ను పరిశీలించిన ఒక పరిశోధన 2000లో వెలువడింది. ఇలాంటి ఆదేశాలు 17 ఉన్నాయని అందులో తేలింది. సిద్ధాంతం పట్టుకుని కూర్చుంటే ఎక్స్86ను వర్చువలైజ్ చేయడం కుదరని పని. అప్పటికి చిన్నాపెద్దా వ్యాపారాలు కొంటున్న సర్వర్లలో ఎక్కువగా ఉన్నవి అవే.

ఆ గోడను దాటిన తీరు నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో మెండెల్ రోజెన్‌బ్లమ్, ఆయన విద్యార్థులు కలిసి 1997లో డిస్కో అనే హైపర్‌వైజర్‌ను లోకానికి చూపారు. మరుసటి ఏడాది రోజెన్‌బ్లమ్, డయాన్ గ్రీన్, మరో ముగ్గురు కలిసి వీఎంవేర్ సంస్థ పెట్టారు. 1999లో వచ్చిన వాళ్ల తొలి ఉత్పత్తి లోపలి కెర్నెల్ కోడ్‌ను నడవబోయే ముందే చదివేది. పాప్‌ఎఫ్ లాంటిది కనిపించిన చోట ప్రమాదం లేని వేరే ఆదేశాలు అప్పటికప్పుడు రాసిపెట్టేది. మామూలు ప్రోగ్రాముల కోడ్ జోలికి పోకుండా దాన్ని నేరుగా నడవనిచ్చేది. అందుకే వేగం పెద్దగా తగ్గలేదు. సర్వర్ల కోసం వాళ్ల ఈఎస్ఎక్స్ 2001లో వచ్చింది.

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పుట్టిన జెన్ అనే హైపర్‌వైజర్ 2003లో దీనికి ఎదురుదారి పట్టింది. నువ్వు వర్చువల్ మెషీన్‌లో ఉన్నావని కెర్నెల్‌కే చెప్పేసి, అందుకు తగ్గట్టు దాన్ని తిరగరాయడం ఆ పద్ధతి. 2006 ఆగస్టులో అమెజాన్ క్లౌడ్ సేవ ఈసీ2 మొదలైంది జెన్ మీదే. చివరికి ప్రాసెసర్ తయారీదారులే దిగివచ్చారు. 2005 చివర్లో ఇంటెల్, 2006లో ఏఎండీ హైపర్‌వైజర్ కోసం ప్రత్యేకమైన స్థితిని ప్రాసెసర్‌లోనే పెట్టాయి. 2007 ఫిబ్రవరిలో వచ్చిన లినక్స్ 2.6.20లో కేవీఎం అనే హైపర్‌వైజర్ చేరింది. ఆ తర్వాతి ఏడాది మైక్రోసాఫ్ట్ హైపర్-వీ వచ్చింది. అప్పటి నుంచి ఇది ఎవరైనా పెట్టుకోగల మామూలు ఏర్పాటు అయింది.

యంత్రం ఫైలైంది

వర్చువల్ మెషీన్ తన డిస్కు అనుకునేది హోస్ట్‌లో, అంటే హైపర్‌వైజర్ నడిచే అసలు పెట్టెలో, ఉన్న ఒక పెద్ద ఫైలు. పక్కనే ఇంకో చిన్న ఫైలు ఉంటుంది. ఎన్ని కోర్లు, ఎంత మెమరీ, నెట్‌వర్క్ కార్డు అడ్రసు ఏమిటి అని అందులో రాసి ఉంటుంది. ఈ రెండూ కలిస్తే ఆ యంత్రం. కాపీ చేస్తే ఇంకో యంత్రం పుడుతుంది. పాత హోస్ట్ పాడైతే కొత్త హోస్ట్ మీద ఆ ఫైళ్లు పెట్టి స్టార్ట్ నొక్కితే, తాను చోటు మారిన సంగతి కూడా తెలియకుండా లేస్తుంది. డిలీట్ చేస్తే అదే వేగంతో మొత్తం సర్వర్ పోతుంది.

నడుస్తున్న యంత్రాన్ని ఆపకుండానే ఇంకో పెట్టెలోకి మార్చవచ్చు. వీఎంవేర్ 2003లో దీన్ని అమ్మకానికి తెచ్చింది. పద్ధతి ఇలా ఉంటుంది. మొదట మెమరీ అంతటినీ నెట్‌వర్క్ మీద కొత్త పెట్టెకు కాపీ చేస్తారు. ఈలోగా పాతచోట యంత్రం పని చేస్తూనే ఉంటుంది కాబట్టి కొన్ని పేజీలు, అంటే మెమరీ ముక్కలు, మారిపోతాయి. మారినవాటిని మళ్లీ పంపుతారు. ఆ కాసేపట్లో ఇంకా కొన్ని మారతాయి, వాటినీ పంపుతారు. ప్రతి విడతలోనూ మిగిలేవి తగ్గుతూ వస్తాయి. చివరికి కొద్దిపాటి పేజీలే మిగిలినప్పుడు యంత్రాన్ని క్షణకాలం ఆపి, వాటినీ ప్రాసెసర్ స్థితినీ పంపి, కొత్తచోట నడిపిస్తారు. 2005లో జెన్ బృందం క్వేక్ 3 అనే ఆట సర్వర్‌ను, జనం ఆడుతుండగానే ఇలా తరలించింది. ఆట ఆగినది 60 మిల్లీసెకన్లు. ఇది తెలిస్తే హోస్ట్‌కు ప్యాచ్ వేయడం కోసం ఆదివారం అర్ధరాత్రి దాకా కాచుకోనవసరం లేదు. మధ్యాహ్నం బిల్లింగ్ జోరుగా నడుస్తుండగానే మెషీన్లన్నిటినీ రెండో హోస్ట్ మీదికి పంపి, మొదటిదాన్ని రీస్టార్ట్ చేయవచ్చు. రెండు హోస్టుల ప్రాసెసర్లు ఒకే కుటుంబానివై ఉండాలి. డిస్కు ఫైళ్లు రెండింటికీ అందే చోట ఉంటే పని వేగంగా అవుతుంది.

పంపకం

హోస్ట్ కొనేటప్పుడు ప్రాసెసర్ గురించి ఎక్కువ ఆలోచిస్తారు. ముందు చాలకుండా పోయేది మెమరీ. అది కూడా తప్పులను తానే గుర్తించి సరిదిద్దుకునే ఈసీసీ రకం అయి ఉండాలి. మామూలు మెమరీలో ఒక్క బిట్టు తిరగబడితే ఒక్క కంప్యూటర్ ఇబ్బంది పడుతుంది. ఇక్కడ అది అయిదు యంత్రాల్లో దేన్నైనా చెడగొట్టవచ్చు. కరెంటు సప్లైలు రెండు, రెండూ వేర్వేరు యూపీఎస్‌ల మీద. డిస్కులు కనీసం జంటగా, ఒకటి పోయినా రెండోది నడిచేలా. సర్వర్ పూర్తిగా హ్యాంగ్ అయినా దూరం నుంచి ఆన్, ఆఫ్ చేయగల మేనేజ్‌మెంట్ పోర్టు కూడా ఉండాలి. ఈ పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టిన ఆఫీసులు చూశాను. ఇంటి తాళంచెవిని గుమ్మానికి వేలాడదీయడం కంటే ప్రమాదం. ఎందుకంటే ఈ పోర్టు చేతిలో హైపర్‌వైజర్‌కు కూడా లేని అధికారం ఉంటుంది.

ఉన్న కోర్లు పదహారు, మెషీన్లకు ఇచ్చిన కోర్లన్నీ కలిపితే ముప్ఫై కావచ్చు. అన్నీ ఒకేసారి పని అడగవన్న లెక్క మీద ఈ పంపకం నడుస్తుంది. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లకు నిజమైన కోర్ దొరుకుతుంది, మిగతా సమయం ఎదురుచూపే. లినక్స్ మెషీన్‌లో టాప్ కమాండ్ కొడితే ఎస్‌టీ అనే అంకె కనిపిస్తుంది. పని ఉండి కూడా కోర్ దొరకక గడిచిన సమయం అది. అది సున్నా దగ్గర ఉంటే పంపకం బాగున్నట్టు. పెరుగుతూ ఉంటే హోస్ట్ మీద ఒత్తిడి ఉన్నట్టు. లోపలి యంత్రం తన భ్రమలోంచి తొంగిచూసే కొద్ది కిటికీల్లో ఇదొకటి.

బిల్లింగ్ నెమ్మదిగా ఉందని ఫోన్ రాగానే ఆ మెషీన్‌కు నాలుగు కోర్ల బదులు ఎనిమిది ఇచ్చేవాళ్లు ఉంటారు. చాలాసార్లు అది ఇంకా నెమ్మదిస్తుంది. కారణం ఇది. కెర్నెల్ లోపల కొన్ని పనులను ఒకసారికి ఒక్క కోరే చేయాలి. అందుకు అది ఒక తాళం పట్టుకుంటుంది. సరిగ్గా తాళం పట్టుకున్న కోర్‌నే హైపర్‌వైజర్ పక్కన కూర్చోబెట్టి, మిగతా ఏడింటికీ అవకాశం ఇచ్చిందనుకోండి. ఆ ఏడూ తాళం కోసం గిరగిరా తిరుగుతూ నిజమైన కోర్ల సమయాన్ని తినేస్తాయి. పని ఒక్క అంగుళం కూడా కదలదు. కోర్లు పెంచేకొద్దీ ఇలా జరిగే అవకాశం పెరుగుతుంది. తక్కువతో మొదలుపెట్టి, కొలిచి, అవసరం రుజువైతేనే పెంచాలి.

మెమరీ విషయంలో 2002లో కార్ల్ వాల్డ్‌స్పర్గర్ వివరించిన బెలూన్ పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. లోపలి యంత్రానికి ఏ పేజీలు అవసరమో, ఏవి ఊరికే ఉన్నాయో హైపర్‌వైజర్‌కు బయటి నుంచి తెలియదు. అందుకని లోపల బెలూన్ అనే చిన్న డ్రైవర్ ఒకటి పెడతారు. హోస్ట్‌లో మెమరీ తక్కువైనప్పుడు ఆ డ్రైవర్ లోపలి కెర్నెల్‌ను మెమరీ అడుగుతూ ఉబ్బుతుంది. కెర్నెల్ తనకు పెద్దగా అక్కర్లేనివి ఏరి దానికి ఇస్తుంది. డ్రైవర్ వాటిని హోస్ట్‌కు అప్పగిస్తుంది. ఏది వదులుకోవాలో తెలిసినవాడి చేతనే తేల్చించడం ఇందులోని తెలివి. డేటాబేస్ మెషీన్ మీద మాత్రం ఈ పద్ధతి వాడకండి. దానికి ఇచ్చిన మెమరీ మొత్తాన్ని రిజర్వ్ చేసేయాలి. డేటాబేస్ తన దగ్గర మెమరీ ఉందన్న ధీమాతోనే పట్టికలన్నీ అందులో పెట్టుకుంటుంది.

డిస్కు పంపకంలో జరిగే ప్రమాదం వేరు. మెషీన్‌కు రెండు టెరాబైట్ల డిస్కు ఇచ్చినట్టు చూపించి, అది రాసినంత మేరకే నిజమైన చోటు కేటాయించే పద్ధతి ఉంది. నాలుగు టెరాబైట్ల నిజమైన చోటు మీద ఎనిమిది టెరాబైట్లు పంచిపెట్టవచ్చు. అంతా బాగానే ఉంటుంది, కెమెరాల రికార్డింగ్ చోటంతా నింపేసిన రోజు దాకా. ఆ రోజు బిల్లింగ్ మెషీన్ ఒక్క కొత్త బిల్లు రాయబోతే హోస్ట్ దగ్గర చోటుండదు, మెషీన్ అక్కడికక్కడే ఆగుతుంది. లోపలికి వెళ్లి చూస్తే తన డిస్కులో సగం ఖాళీగా ఉందనే అది చెబుతుంది. దాని దృష్టిలో అది నిజం కూడా. అందుకే ఖాళీ ఎంతుందో హోస్ట్ దగ్గర చూడాలి. ఎనభై శాతం దాటగానే ఫోన్‌కు సందేశం వచ్చేలా పెట్టాలి. రికార్డింగ్‌ను వేరే డిస్కుల మీదికి తోసేయాలి.

కాలం కూడా ఇలాగే తప్పుతుంది. వంతు కోసం ఆగిన యంత్రం గడియారం వెనకబడవచ్చు. విండోస్ డొమైన్‌లో గడియారాల మధ్య అయిదు నిమిషాలు మించి తేడా ఉంటే లాగిన్‌లు ఆగిపోతాయి. మన దేశంలో దీనికి చట్టపరమైన కోణం కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ గడియారాలను ఎన్ఐసీ, నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సర్వర్లతో గానీ, వాటితో పొంతన ఉన్న సర్వర్లతో గానీ కలపాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలి. సైబర్ దాడి గమనించిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి.

గోడలు ఎంత గట్టివి

ఒక వర్చువల్ మెషీన్‌లో దూరిన దొంగ పక్కదానిలోకి వెళ్లగలడా? మామూలుగా వెళ్లలేడు. 2015 మేలో బయటపడ్డ వీనమ్ అనే లోపం మాత్రం ఆ ధీమాను కదిలించింది. కేవీఎం, జెన్ వాడే క్యూఎమూ ప్రోగ్రాంలో ఫ్లాపీ డిస్కును అనుకరించే కోడ్ ఒకటి ఉంది. అందులోని తప్పు ద్వారా లోపలి నుంచి హోస్ట్‌లోకి రావచ్చని తేలింది. ఫ్లాపీలు ఎవరూ వాడని రోజుల్లో, పదేళ్లకు పైగా ఆ కోడ్ సర్వర్లలో ఉండిపోయింది. మెషీన్‌కు అక్కర్లేని వర్చువల్ పరికరాలను తీసేయమని చెప్పేది ఇందుకే.

అంతకంటే మామూలుగా జరిగేది పైనుంచి వచ్చే దాడి. 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లను బంధించి డబ్బు అడిగే ప్రోగ్రాం, వివిధ దేశాల్లో వీఎంవేర్ హోస్టులను పట్టుకుంది. అది లోపలి విండోస్‌ల జోలికి పోలేదు. నేరుగా హోస్ట్ మీద డిస్కు ఫైళ్లను గుప్తీకరించింది. అది వాడుకున్న లోపానికి ప్యాచ్ రెండేళ్ల ముందే, 2021 ఫిబ్రవరిలోనే వచ్చింది. ఒక హోస్ట్ చిక్కితే అందులోని అన్ని యంత్రాలూ చిక్కినట్టే. హైపర్‌వైజర్ మేనేజ్‌మెంట్‌కు వేరే నెట్‌వర్క్ ఉండాలి, ఆఫీసు కంప్యూటర్ల నుంచి దానికి దారి ఉండకూడదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ర్యాన్సమ్‌వేర్ బారిన పడి, రోగుల రిజిస్ట్రేషన్ రోజుల తరబడి కాగితాల మీద నడిచింది. నెట్‌వర్క్‌ను సరిగ్గా విభజించకపోవడం ఒక కారణమని ఆ తర్వాతి విశ్లేషణలో వచ్చింది.

ఏ హైపర్‌వైజర్ ఎంచుకోవాలన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు మారింది. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్నది. డిసెంబరుకల్లా శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి చందా పద్ధతికి మార్చింది. ఆ తర్వాత చాలా చిన్న సంస్థలు ఆస్ట్రియాలో తయారైన, కేవీఎం మీద నడిచే ప్రాక్స్‌మాక్స్ వైపు చూస్తున్నాయి. మన మందుల సంస్థకు నేనైతే అదే చెబుతాను. లినక్స్ తెలిసిన మనిషి ఒకరు అందుబాటులో ఉండాలన్నది ఒక్కటే షరతు.

తిరిగి తేవడం

స్నాప్‌షాట్ నొక్కినప్పుడు హైపర్‌వైజర్ మెషీన్ డిస్కును కాపీ చేయదు. ఉన్న ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, ఇకపై జరిగే మార్పులన్నిటినీ కొత్త ఫైలులో రాస్తుంది. వెనక్కి వెళ్లాలంటే ఆ కొత్త ఫైలును పారేస్తే చాలు. ప్యాచ్ వేసే ముందు గంటసేపు పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి సదుపాయం లేదు. దాన్ని బ్యాకప్ అనుకుంటే మాత్రం మునిగినట్టే. అసలు ఫైలు పాడైతే మార్పుల ఫైలుకు అర్థం ఉండదు. రెండూ ఒకే డిస్కు మీద ఉన్నాయి. నెలల తరబడి అలా వదిలేస్తే మార్పుల ఫైలు ఉబ్బి, చోటంతా తినేస్తుంది. డొమైన్ కంట్రోలర్లు రెండున్న చోట ఒకదాన్ని స్నాప్‌షాట్‌తో వెనక్కి తిప్పితే ఇంకో సమస్య వస్తుంది. తాను ఇప్పటికే పంపిన మార్పుల నంబర్లను అది మళ్లీ వాడటం మొదలుపెడుతుంది. రెండో కంట్రోలర్ వాటిని పాతవని పట్టించుకోదు, రెండింటి లెక్కలూ వేరైపోతాయి. యంత్రం వెనక్కి వెళ్లిన సంగతిని దానికి తెలియజేసే గుర్తును విండోస్ సర్వర్ 2012లో చేర్చింది ఇందుకే.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచే గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగింది ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ చదవాలి. ప్రధాన డేటాబేస్ నుంచి రెండో డేటాబేస్‌కు కాపీ కావడం ఆగిపోయింది. రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజినీరు రెండోదాన్ని ఖాళీ చేసి మళ్లీ మొదలుపెడదామనుకున్నారు. డిలీట్ ఆదేశం రెండోదాని మీద కాకుండా ప్రధాన సర్వర్ మీద పడింది. ఒకటి రెండు సెకన్లలో గమనించి ఆపారు. అప్పటికే దాదాపు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 గిగాబైట్లు.

తర్వాత బ్యాకప్‌లు వెతికారు. రోజూ తీసే బ్యాకప్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. డేటాబేస్ 9.6 వెర్షన్ అయితే, బ్యాకప్ తీసే ప్రోగ్రాం 9.2ది నడుస్తూ ప్రతిరోజూ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు వెళ్తున్నాయి గానీ, వాటిని అవతలి మెయిల్ సర్వర్ తిరస్కరిస్తోంది. క్లౌడ్ డిస్కుల స్నాప్‌షాట్లు ఫైల్ సర్వర్లకు పెట్టారు, డేటాబేస్‌లకు పెట్టలేదు. చివరికి ఆదుకున్నది ఆరు గంటల ముందు అదే ఇంజినీరు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్. దాన్ని వెనక్కి తేవడానికి దాదాపు 18 గంటలు పట్టింది. అది ఉన్న డిస్కులు నెమ్మదివి కావడమే కారణం. ఆ ఆరు గంటల్లో చేరిన దాదాపు 5,000 ప్రాజెక్టుల మార్పులు, 5,000 వ్యాఖ్యలు, 700 మంది కొత్త వాడుకరుల ఖాతాలు పోయాయి. గిట్‌ల్యాబ్ ఈ మరమ్మతును యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. జరిగిందంతా దాచకుండా రాసి ప్రచురించింది. ఆ నిజాయితీకి నేను ఎప్పటికీ కృతజ్ఞుడిని. దానివల్ల ఎందరో తమ బ్యాకప్ ఫోల్డర్లు తెరిచి చూసుకున్నారు.

మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్న పాత సూత్రంలో మూడోది అందరికీ అనవసరపు ఖర్చులా కనిపిస్తుంది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్‌లోని ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటర్‌లో ఒక భవనం కాలిపోయింది. బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు. ఆ నిప్పు ఎక్కడో దూరం అనుకుంటే, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కింది అంతస్తులో సర్వర్, పక్క బీరువాలో బ్యాకప్ డిస్కు పెట్టుకున్న ఆఫీసుకు ఆ వారం ఎలా గడుస్తుందో ఊహించండి. మూడో ప్రతి ఊరు దాటాలి. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లోనే ఒక రీజియన్ తెరిచింది కాబట్టి డేటా రాష్ట్రం దాటినా దూరం వెళ్లనక్కర్లేదు. ఆ ప్రతిని రాసే ఖాతాకు దాన్ని చెరిపే హక్కు ఉండకూడదు. ర్యాన్సమ్‌వేర్ మొదట వెతికేది బ్యాకప్‌లనే.

బ్యాకప్ పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి దాన్ని తిరిగి లేపడం ఒక్కటే మార్గం. వర్చువల్ మెషీన్ ఫైలే కావడం వల్ల ఇది పాత రోజులకంటే ఎంతో సులువు. నెలకొకసారి బిల్లింగ్ మెషీన్ బ్యాకప్‌ను రెండో హోస్ట్ మీద, ఏ నెట్‌వర్క్‌కూ కలపకుండా లేపాలి. అలా కలపకపోతే ఒకే ఐపీ అడ్రసుతో రెండు యంత్రాలు ఢీకొనవు. లోపలికి వెళ్లి నిన్న రాత్రి కొట్టిన ఆఖరి బిల్లు నంబరు చూడాలి. ఆ నంబరు, కౌంటర్‌లో ఉన్న కాగితం బిల్లు నంబరు ఒకటే అయితే ఆ నెలకు పరీక్ష అయినట్టు.

ఆ పరీక్షలో గడియారం కూడా చూడాలి. సంస్థ మొత్తం డేటా నాలుగు టెరాబైట్లు, బ్యాకప్ పెట్టెకూ హోస్ట్‌కూ మధ్య ఒక గిగాబిట్ కేబుల్ ఉందనుకుందాం. ఆ కేబుల్ పూర్తి వేగంతో నడిచినా, నాలుగు టెరాబైట్లు రావడానికి దాదాపు తొమ్మిది గంటలు. నిజంలో ఇంకా ఎక్కువే. పది గిగాబిట్ల కార్డులు రెండు, ఒక కేబుల్ కొంటే, డిస్కులు అందుకోగలిగినంత వరకు ఆ సమయం బాగా తగ్గుతుంది. అప్పుడైనా ఏది ముందు లేవాలో ముందే రాసి గోడకు అంటించాలి. మొదట డొమైన్ కంట్రోలర్, అది లేకుండా ఎవరూ లాగిన్ కాలేరు. తర్వాత బిల్లింగ్, ఎందుకంటే ఎనిమిదింటికి ఆర్డర్లు మొదలవుతాయి. ఆ తర్వాత ట్యాలీ, ఫైళ్లు. కెమెరాల పాత రికార్డింగ్ మధ్యాహ్నం దాకా ఆగవచ్చు.